పదిహేను అలలు

రాజమండ్రి ఇన్నీసుపేటలో మేడ మీది గదికి మెట్లెక్కి వచ్చిన ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నేత చీర, చేతికి వాచీ. చుట్టచుట్టిన కాగితం ఒకటి గుండెలకు హత్తుకుని ఉంది. మెట్లెక్కిన ఆయాసం కంటే భయమే ఆమె ముఖంలో ఎక్కువగా కనిపించింది.

"డిటెక్టివ్ పాపాయి గారంటే..."

"నేనేనమ్మా. పేరు విని చిన్నపిల్ల అనుకుని వచ్చినవాళ్ళు, నా తల చూసి మెట్లు దిగిపోతుంటారు. నువ్వు మాత్రం పోకు. కూర్చో."

పాపాయి గారికి యాభై ఆరేళ్ళు. జుట్టు సగం నెరిసింది. ఇరవై రెండేళ్ళు కాలేజీ ఫిజిక్సు లాబ్‌లో పిల్లలచేత ప్రయోగాలు చేయించి, ఆ తరువాత ఈ గది తీసుకుని ప్రైవేటు పరిశోధన మొదలుపెట్టారు. ఏ సమస్య వచ్చినా ఆవిడ ముందు ఉడికించిన తేగలు ఉండవలసిందే. ఒక్కొక్క తేగనూ చీల్చి, పీచు తీసి, నెమ్మదిగా నములుతూ వింటారు. ఆవిడ దగ్గర చేరి ఏడాదైన సాయిప్రసన్న పక్కన కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంటుంది. సాయిప్రసన్న బియస్సీ ప్యాసైంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నలుగురిలో నోరు విప్పమంటే మాత్రం గొంతులో చేపముల్లు అడ్డం పడినట్టు అయిపోయేది. పాపాయి గారు ఎవరినైనా ప్రశ్నిస్తూ ఉంటే, ఆ ధైర్యంలో పావలా వంతు తనకున్నా చాలుననుకునేది.

వచ్చినామె పేరు దేవకుమారి. కాకినాడలో శివరామకృష్ణ గారి ప్రైవేటు టెస్టింగ్ లాబ్‌లో పదకొండేళ్ళుగా కెమిస్టు.

"రొయ్య సీడు ప్యాక్ చేసే పాలిథిన్ సంచులండి. కుక్కుటేశ్వరరావు గారని, కాకినాడలో సంచుల వ్యాపారం. ఆయన తెచ్చిచ్చిన ఫిల్ము ముక్కని ఈ నెల తొమ్మిదో తారీకున నేను పరీక్ష చేశాను. కొత్త ప్లాస్టిక్కు, మందం యాభై మైక్రాన్లు అని రాసి సంతకం పెట్టాను. మందం స్క్రూగేజీతో స్వయంగా కొలిచానండి."

"తరవాత?"

"పాలకొల్లు దగ్గర చంద్రరావు గారని రైతు. ఆయనా, ఇంకో తొమ్మిదిమంది రైతులూ కలిసి హేచరీ నుంచి సీడు తెప్పించుకున్నారు. సంచుల్లో నీళ్ళు పోసి, ఆక్సిజన్ పట్టి, వ్యాన్‌లో వేశారు. వ్యాను రావులపాలెం సెంటర్ దాటేసరికి కింద నుంచి నీళ్ళు కారుతున్నాయట. తలుపు తీస్తే సగం సంచులు చిట్లిపోయి ఉన్నాయి. రొయ్యపిల్లలన్నీ చచ్చిపోయాయండి. సంచులు కొలిస్తే ముప్పై మైక్రాన్లే."

"అంటే నీకు మంచి ముక్క చూపించి, రైతులకి పల్చని సంచులు అంటగట్టారు."

"నేనూ అదే అన్నానండి. కానీ మా లాబ్‌లో పరీక్ష చేసిన ముక్కనే కవర్లో పెట్టి బీరువాలో దాస్తాం. మొన్న అందరి ముందూ ఆ కవరు తెరిస్తే..." దేవకుమారి తల అడ్డంగా ఊపింది. "లోపల ముక్క కూడా ముప్పై మైక్రాన్లే ఉందండి. నేను కొలవకుండానే యాభై అని రాసేశానంటున్నారు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిస్తే ఉద్యోగంతో పోతుంది, లేకపోతే పోలీసు కేసు అంటున్నారు మా ఓనరు గారు. గురువారం పొద్దున్న రైతులందరూ వస్తున్నారు. ఆ కాగితం మీద సంతకం పెడితే, ఇక ఈ జన్మలో నా సంతకం ఎవరు నమ్ముతారండీ?"

ఆ రోజు మంగళవారం.

పాపాయి గారు చేతులు తుడుచుకుని, ఆమె తెచ్చిన కాగితం బల్ల మీద పరిచారు. అది ప్లాస్టిక్కు రకం పట్టే ఐఆర్ మిషను గీసిన చార్టు జిరాక్సు. మీద 417 అని నంబరు, దేవకుమారి పొడి అక్షరాలు ఉన్నాయి. పెన్ను గీసిన గీత అక్కడక్కడా నిట్టనిలువునా లోతుగా దిగి, మళ్ళీ పైకొచ్చింది. ఆ లోయలకు నడుమ గీత తిన్నగా లేదు. గాలికి రేవులో నీళ్ళు కదిలినట్టు చిన్న చిన్న అలలు, ఒకే దూరంలో, ఒకదాని వెంట ఒకటి.

"ఈ అలలేంటమ్మా?"

దేవకుమారి ముఖం తెల్లబోయింది. "అవి... పట్టించుకోకండి. మిషను పాతదండి."

పాపాయి గారు కొత్త తేగ ఒకటి చీల్చారు. సాయిప్రసన్న పుస్తకంలో రాసుకుంది: దేవకుమారి గారు అబద్ధం చెప్పారు. ఎందుకు?

* * *

బుధవారం తొమ్మిదింటికల్లా ఇద్దరూ కాకినాడలో లాబ్ మెట్లు ఎక్కారు.

శివరామకృష్ణ గారు చలవ బట్టల మనిషి. కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, చాలా విచారంగా నిట్టూర్చారు. "మా ఇంటి ఆడపిల్లలా చూసుకున్నానండి దేవకుమారిని. ఏం చేస్తాం? ఒక్కోసారి మనిషికి బద్ధకం వస్తుంది."

"తొమ్మిదో తారీకున మీరు లాబ్‌లో ఉన్నారా?"

"లేనండి. ఎనిమిదిన తణుకు వెళ్ళాను, మా అత్తారింట్లో పెళ్ళి. పన్నెండుకి గానీ రాలేదు. నేనుంటే ఇలా జరగనిస్తానా?"

"బీరువా తాళాలు?"

"ఒకటి నా దగ్గర, ఒకటి మా అటెండరు గంగయ్య దగ్గర."

పాపాయి గారు చార్టు మీద వేలు పెట్టారు. "ఇక్కడ అలలున్నాయేంటండీ?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, తేలిగ్గా నవ్వేశారు. "పెన్ను వణికిందండి. సెకండ్ హ్యాండు మిషను కదా."

మిషను ఉన్న గదిలో గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు: 'ఫిల్మును రెండు వైపులా ఉప్పుకాగితంతో రుద్దనిదే మిషనులో పెట్టరాదు.'

"ఇది ఎవరు రాయించారు?"

"నేనేనండి. మిషను అమ్మినాయన మరీ మరీ చెప్పాడు. సన్నరకం ఉప్పుకాగితంతో గరుకు చేస్తేనే చార్టు బాగా వస్తుందట. పదేళ్ళుగా ఇక్కడ అదే పద్ధతి."

"ఎందుకు గరుకు చేయాలో చెప్పాడా?"

"ఎందుకో మనకెందుకండీ? అన్నం వండటానికి వడ్లు ఎలా మొలిచాయో తెలియాలా?"

పాపాయి గారు నవ్వారు. ఆవిడ ఆయనతో మాట్లాడుతున్నంతసేపూ సాయిప్రసన్న తల వంచుకునే ఉంది. తల వంచుకోవడం వల్లనే ఆయన బల్ల అద్దం కింద పెట్టిన శుభపత్రిక ఆమె కంటపడింది. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. సామర్లకోటలో కొత్త పాలిథిన్ సంచుల ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం. కింద ఆహ్వానించువారని రెండు పేర్లు. రెండింటినీ మెల్లగా పుస్తకంలోకి ఎక్కించుకుంది.

తరువాత కవరు తెప్పించారు. 417 నంబరు కవరులోంచి తీసిన ముక్కను పాపాయి గారు కిటికీ వెలుగుకి పట్టి చూశారు. మంచు పట్టిన అద్దంలా మసగ్గా ఉంది. వేలితో నిమిరారు. రెండు వైపులా గరుకు. ఆ ముక్కను సాయిప్రసన్న చేతికి కూడా ఇచ్చి, "ఎలా ఉందో రాసుకో" అన్నారు.

గంగయ్య వరండాలో సీసాలు కడుగుతున్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి.

"ఆయ్, ఆ రోజు నాకు బాగా గుర్తేనండి," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "పదకొండింటికి కరెంటు కోత. ఆలోపే రిపోర్టు కావాలని ఆ సంచులాయన గుమ్మంలో కూర్చుని ఒకటే గోల. చూస్తే ఉప్పుకాగితం అయిపోయింది. అమ్మగారు నన్ను బజారుకి తోలారు. నేను పరిగెత్తుకెళ్ళి వచ్చేసరికి కరెంటు పోయిందండి. చార్టేమో బల్లమీదుంది."

"అంటే ఆ ముక్కని రుద్దనే లేదన్నమాట."

గంగయ్య నాలుక కరుచుకున్నాడు. వెనక నిలబడ్డ దేవకుమారి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిజమేనండి. పదేళ్ళలో ఆ ఒక్క రోజే రుద్దకుండా పెట్టాను. అందుకే అలలొచ్చాయి. ప్లాస్టిక్కు రకం తెలియడానికి అవి అడ్డం కాదు కదా అని వదిలేశాను. అది బయటపడితే, పద్ధతి ఒకటి తప్పినదానివి కొలత మాత్రం సరిగ్గా తీశావా అంటారని..." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిచ్చిదానా!" పాపాయి గారు ఆమె భుజం తట్టారు. "నిన్ను కాపాడేది ఆ తప్పేనే!"

ఆ తరువాత ఆవిడ చార్టుల కట్ట తెప్పించుకుని పావుగంటసేపు చూశారు.

కాకినాడ బస్టాండు ఎదురుగా ఉన్న సంచుల కొట్టులో కుక్కుటేశ్వరరావు గారు గల్లా దగ్గర నుంచి లేవకుండానే చేతులు జోడించారు. "మా తాతల నాటి కొట్టండి. నేను నా రోలులోంచే ముక్క కోసిచ్చాను. లాబ్ వాళ్ళు యాభై అన్నారు, నేను నమ్మాను. వైద్యుడు బాగుందన్నాక నాడి మనం పట్టుకు చూస్తామా? ఆవిడ రాతవల్ల నేనూ మునిగానండి!"

రాజమండ్రి బస్సులో పాపాయి గారు జిరాక్సు చార్టును సాయిప్రసన్న ఒళ్ళో పెట్టారు. "కింద అంకెలున్నాయి చూడు. రెండువేల ఎనిమిది వందల నుంచి పద్దెనిమిది వందల దాకా ఎన్ని అలలున్నాయో లెక్కపెట్టు."

బస్సు కుదుపుల్లో సాయిప్రసన్న మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ ఒకటే సంఖ్య వచ్చింది.

"బాగుంది. రేపు అందరి ముందూ గట్టిగా చెప్పాల్సింది నువ్వే."

"నేనా మేడమ్?"

"నా కంటికి శుక్లాలొచ్చాయి. నీ కళ్ళకేం వచ్చింది?"

* * *

గురువారం పది గంటలకు లాబ్ హాలు కిటకిటలాడింది. చంద్రరావు గారూ, ఆయన వెంట తొమ్మిదిమంది రైతులూ బెంచీల మీద కూర్చున్నారు. శివరామకృష్ణ గారి బల్ల మీద టైపు చేసిన క్షమాపణ కాగితం, పక్కన పెన్ను సిద్ధంగా ఉన్నాయి. కుక్కుటేశ్వరరావు గారు విసనకర్రతో విసురుకుంటున్నారు. దేవకుమారి గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏవండీ, తొందరగా తేల్చండి," అన్నారు చంద్రరావు గారు. "చెరువులు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్ళు పెట్టుకు కూర్చున్నాం. వదలడానికి పిల్ల లేదు. ఈవిడ జైలుకి పోవాలా, ఇంటికి పోవాలా?"

"రెండూ కాదండి," అన్నారు పాపాయి గారు. "ముందు మీ చిట్లిపోయిన సంచి ఇటివ్వండి."

సంచిలోంచి అరచేయంత ముక్క కత్తిరించి, రుద్దకుండానే దేవకుమారి చేత మిషనులో పెట్టించారు. మిషను గుర్రుమంది. పెన్ను కదిలింది. రైతులందరూ బెంచీలు వదిలి చుట్టూ మూగారు. గీత లోయల్లోకి దిగింది, పైకొచ్చింది, నడుమన మెల్లగా అలలు వేసింది.

"పెన్ను వణుకుతోందండీ," అన్నారు పాపాయి గారు, శివరామకృష్ణ గారి వైపు చూసి. "చంద్రరావు గారూ, ఈ అంకె నుంచి ఈ అంకె దాకా అలలు లెక్కపెట్టండి."

ఆయన చూపుడువేలు పెట్టి, పొలంలో గట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారు. "తొమ్మిది."

"ఇప్పుడు వినండి. ఈ మిషను కంటికి కనపడని పరారుణ కాంతిని ఫిల్ము గుండా పంపుతుంది. అందులో చాలా భాగం తిన్నగా బయటికి పోతుంది. కొంచెం మాత్రం ఫిల్ము వెనక వైపు తగిలి వెనక్కొచ్చి, ముందు వైపు తగిలి మళ్ళీ బయల్దేరుతుంది. అంటే ఆలస్యంగా వస్తుంది. కాలవలో రెండు పడవలు ఎదురైనప్పుడు వాటి అలలు చూశారు కదా?"

"చూడకేమండీ. ఎత్తు మీద ఎత్తు పడితే నీళ్ళు లేస్తాయి. ఎత్తు పోయి పల్లంలో పడితే చదునైపోతాయి," అన్నాడు వెనకనుంచి ఒక రైతు.

"అంతే! ముందొచ్చిన కాంతీ, ఆలస్యంగా వచ్చిన కాంతీ అలాగే ఒకచోట కలిసి పెరుగుతాయి, ఒకచోట తరుగుతాయి. ఈ అలలు అవే. ఫిల్ము మందమైనకొద్దీ వెనకబడ్డ కాంతికి నడక ఎక్కువ. నడక ఎక్కువైతే అలలూ ఎక్కువ. లెక్క చాలా తేలిక. పోను, రాను రెండు. ప్లాస్టిక్కులో కాంతి ఒకటిన్నర రెట్లు నెమ్మదిస్తుంది. మనం చూసిన అంకెల దూరం వెయ్యి. ఈ మూడూ హెచ్చవేస్తే మూడువేలు. అలల సంఖ్యని మూడువేలతో భాగిస్తే మందం సెంటీమీటర్లలో వస్తుంది. తొమ్మిదిని భాగిస్తే సెంటీమీటరులో వెయ్యింట మూడు వంతులు. అంటే ముప్పై మైక్రాన్లు."

గంగయ్య స్క్రూగేజీ అందించాడు. చంద్రరావు గారు స్వయంగా బిగించి చూశారు. ముప్పై.

"అమ్మ బాబోయ్! గీత చూసి మందం చెప్పేసింది!"

"ఇక తొమ్మిదో తారీకు చార్టు. సాయిప్రసన్నా!"

అందరి కళ్ళూ తన మీద పడగానే సాయిప్రసన్న గొంతులో ముల్లు అడ్డం తిరిగింది. గోడ దగ్గర దేవకుమారి తననే చూస్తోంది. ఆ చూపు చూశాక నోరు మూసుకుని ఉండడం సాయిప్రసన్నకు సాధ్యం కాలేదు. అసలు చార్టు మీద వేలు పెట్టింది.

"ఒకటి... రెండు..." మొదట గొణిగింది. అయిదు దగ్గర గొంతు నిలబడింది. పది దాటేసరికి రైతులు కూడా ఆమెతో కలిసి లెక్కపెడుతున్నారు. "పదమూడు... పద్నాలుగు... పదిహేను!"

"పదిహేనుని మూడువేలతో భాగించండి."

"వెయ్యింట అయిదు!" అని అరిచాడు ఒక రైతు. "యాభై! యాభై మైక్రాన్లు!"

హాలంతా ఒక్కసారిగా హోరెత్తింది. దేవకుమారి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

శివరామకృష్ణ గారు లేచారు. "ఇదంతా కాలేజీ పాఠమండీ! ఆ చార్టు ఆవిడ ఇంకెప్పుడో, ఇంకేదో ముక్క మీద తీసి నంబరు వేసి ఉండొచ్చుగా?"

"మీ చార్టులు ఒకే రోలులోంచి చింపుతారు. 417 చింపు అంచు ఒకవైపు 416తోనూ, రెండోవైపు 418తోనూ దంతాల్లా అతుకుతుంది. నిన్న చూశాను. మీరూ చూడండి." ఆవిడ మూడు చార్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. "ఇప్పుడు మీ బీరువా ముక్కని మిషనులో పెడదాం."

మసగ్గా ఉన్న ఆ ముక్క మీద పెన్ను లోయలన్నీ గీసింది. వాటి నడుమ గీత మాత్రం తిన్నగా సాగిపోయింది. ఒక్క అల లేదు.

"గరుకు చేస్తే వెనక్కొచ్చే కాంతి చెదిరిపోతుంది. కలవడానికేమీ మిగలదు. అందుకే ఉప్పుకాగితం. మీరు గోడ మీద రాయించిన మాటకి అర్థం ఇదండీ శివరామకృష్ణ గారూ. అంటే తొమ్మిదో తారీకున చార్టు గీసిన ముక్క ఇది కాదు. అది నున్నగా, యాభై మైక్రాన్లు ఉంది. ఇది గరుకుగా, ముప్పై ఉంది. ఎవరో మార్చారు. ఎవరు?"

పాపాయి గారు ఆ ముక్కని పైకెత్తి అందరికీ చూపించారు.

"మార్చినవాడు ఒక పని ఎక్కువ చేశాడు. ముక్క అసలుదానిలా కనపడాలని పద్ధతి ప్రకారం రుద్దాడు. అంటే అతనికి ఈ లాబ్ పద్ధతి తెలుసు, బీరువా తెరవగలడు, కానీ ఆ రోజు ముక్కని రుద్దలేదని మాత్రం తెలియదు. కుక్కుటేశ్వరరావు గారికి తాళం లేదు. దేవకుమారికీ, గంగయ్యకీ ఆ రోజు రుద్దలేదని తెలుసు. వాళ్ళే మార్చి ఉంటే నున్నటి ముక్కే పెట్టేవారు. ఆ రోజు తణుకులో పెళ్ళి భోజనం చేస్తున్న మనిషి ఒక్కరే, పదేళ్ళ పద్ధతి తప్పదని ధీమాగా రుద్దగలరు."

"నాకేం పనండీ? నాకేం లాభం?" శివరామకృష్ణ గారి గొంతు కీచుమంది.

"సాయిప్రసన్నా, ఈయన బల్ల అద్దం కింది శుభపత్రికలో ఆహ్వానించువారి పేర్లు చదువు."

ఈసారి ఆమె గొంతు వణకలేదు. "శ్రీ కుక్కుటేశ్వరరావు గారు, శ్రీ శివరామకృష్ణ గారు. సామర్లకోట పాలిథిన్ సంచుల ఫ్యాక్టరీ."

కుక్కుటేశ్వరరావు గారి చేతిలో విసనకర్ర కింద పడింది. "నేను వద్దన్నానండీ బాబూ! మంచి ముక్క లాబ్‌కిచ్చింది నేనే, ఒప్పుకుంటా. కానీ బీరువాలో ముక్క మార్చి ఆవిడ నెత్తిన రుద్దుదామన్నది ఈయనే! ఆడమనిషి, ఏడ్చి ఊరుకుంటుందన్నాడు!"

"నోరు ముయ్యవయ్యా!" అని శివరామకృష్ణ గారు అరిచారు గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. ఇద్దరు రైతులు గుమ్మానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డారు. ఇంకొకరు పోలీసు స్టేషనుకి ఫోను చేయడానికి కిందికి పరిగెత్తారు.

చంద్రరావు గారు క్షమాపణ కాగితం తీసుకుని నాలుగు ముక్కలుగా చింపారు. తరువాత చిట్లిన సంచి తీసి దేవకుమారి ముందు పెట్టారు.

"అమ్మా, మా కేసుకి దీని మీద రిపోర్టు కావాలి. నువ్వే రాయాలి. వేరేవాళ్ళ సంతకం మాకొద్దు."

దేవకుమారి కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. రిపోర్టు పుస్తకంలో కొత్త పేజీ తీసింది. మందం ముప్పై మైక్రాన్లు అని రాసింది. స్క్రూగేజీ కొలత రాసింది, అలల సంఖ్య రాసింది. చివర ఎప్పుడూ పెట్టే పొడి అక్షరాలు కాకుండా, పేరంతా విప్పి, నెమ్మదిగా, స్పష్టంగా సంతకం చేసింది. ఆమె పెన్ను ఎత్తేవరకూ హాల్లో ఉన్న రైతులందరూ చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు.